పిల్లల పోటీలకు మొదటి మెట్టు తరగతి గదే కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 21న గురజాడ జయంతి, నవంబరు 14న బాలల దినోత్సవం, ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం వచ్చేసరికి మన విశాఖలో వక్తృత్వం, వ్యాసరచన, చిత్రలేఖనం, క్విజ్ అంటూ బడిపిల్లలకు పోటీలు జరుగుతుంటాయి. తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో వాటికి పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లాను. పదవీ విరమణ తర్వాత న్యాయనిర్ణేతగా కూర్చుంటున్నాను. ఆ అనుభవంతో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల గురించి ఒక మాటను విద్యాశాఖ అధికారులకు, నిర్వాహకులకు విన్నవించుకోదలిచాను.

ఈ వయసు పిల్లలకు పెట్టే పోటీ ఏదైనా, దాని మొదటి అంచె ప్రతి బడిలోనూ తరగతిలోని పిల్లలందరితోనూ జరగాలి. ఇప్పుడు జరుగుతున్నది అది కాదు. పోటీ ఎల్లుండి అనగా బడికి వాట్సాప్‌లో సర్క్యులర్ వస్తుంది. ఎవరిని పంపుదామని ప్రధానోపాధ్యాయులు అడిగితే, బాగా చదువుతారని పేరున్న ఇద్దరు ముగ్గురి పేర్లే అందరి నోటా వస్తాయి. వ్యాసానికీ వాళ్లే, క్విజ్‌కూ వాళ్లే, బొమ్మలకూ వాళ్లే. నోటుపుస్తకం చివరి పేజీల నిండా బొమ్మలు వేసుకునే వెనక బెంచీ పిల్లవాడికి అలాంటి పోటీ ఒకటి జరిగిందన్న సంగతే తెలియదు. ఇందులో ఉపాధ్యాయుల తప్పు కన్నా వ్యవధి లేకపోవడమే ఎక్కువ.

బడిపిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకాన్నే తీసుకోండి. ఆరో తరగతి నుంచే పిల్లలు అందులో తమ ఆలోచనను పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. బడిలో అంతర్గతంగా ఆలోచనల పోటీ పెట్టి, అందులోంచి మేలైనవి పంపాలన్నదే ఆ పథకం ఉద్దేశం. ఆ పోటీ పెట్టకుండా పెద్దలే ఒక ఆలోచన రాసి పిల్లవాడి పేరు తగిలిస్తే పథకం అసలు ఆశయమే దెబ్బతింటుంది. సైన్స్ ప్రదర్శనల్లోనూ అంతే. బల్ల మీద నమూనా ఎంతో అందంగా ఉంటుంది, కానీ ఈ తీగ ఇక్కడ ఎందుకు కలిపావని అడిగితే పిల్లవాడు వెనక నిలబడ్డ తండ్రి వైపు చూస్తాడు. ఆ చూపు చూసినప్పుడల్లా నాకు ఆ బిడ్డ మీద జాలి కలుగుతుంది.

ఇక దూరం మాట. పద్మనాభం, ఆనందపురం మండలాల పిల్లలు ఉదయం తొమ్మిదికల్లా నగరంలోని సిరిపురంలో ఉండాలంటే తెల్లవారకముందే లేవాలి. బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం, తోడు వెళ్లే టీచర్ సెలవు, అన్నీ చూసుకోవాలి. ఆడపిల్లయితే ఇంట్లో పంపడానికి వెనకాడతారు. కాబట్టి రెండో అంచె పోటీలను స్కూల్ కాంప్లెక్స్ (దగ్గర దగ్గరగా ఉన్న బడుల సముదాయం) స్థాయిలో, ఏడాదికొక బడిలో జరిపి, గెలిచినవారినే నగరానికి పిలవడం న్యాయం.

అన్నిటికన్నా నన్ను బాధించిన విషయం మరొకటి ఉంది. కొన్నేళ్ల క్రితం తెలుగు భాషా దినోత్సవానికి ‘సముద్రం’ అంశంగా జరిగిన వక్తృత్వ పోటీలో చాలామంది పిల్లలు సముద్ర సంపద గురించి పెద్దలు రాసిచ్చిన వాక్యాలను అప్పజెప్పారు. మత్స్యకార గ్రామం నుంచి వచ్చిన ఏడో తరగతి అమ్మాయి మాత్రం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట ఆపేసినప్పుడు తన తండ్రి ఒడ్డున కూర్చొని వల ఎలా బాగుచేస్తాడో, ఆ రెండు నెలలు ఇల్లు ఎలా గడుస్తుందో చెప్పింది. ‘మా అయ్య ఏటకెల్లినప్పుడు’ అంటూ తన ఊరి మాటల్లోనే చెప్పింది. ఉచ్చారణ దోషమని ఆమెకు మార్కులు తగ్గించారు. నేను అభ్యంతరం చెప్పాను గానీ మిగిలిన ఇద్దరు న్యాయనిర్ణేతలు ఒప్పుకోలేదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి మన ఉత్తరాంధ్రవారు. ఆయన పుట్టినరోజునే, ఆయన పుట్టిన నేల యాసకు మార్కులు కోయడం నాకు మింగుడుపడలేదు. పన్నెండేళ్ల బిడ్డ ఆ రోజు తన ఇంటి మాట తప్పని నేర్చుకొని వెళ్లి ఉంటుందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. మూల్యాంకన పత్రాల్లో యాసకు మార్కులు తగ్గించరాదని స్పష్టంగా రాయాలి. వక్తృత్వానికి, వ్యాసానికి అంశాన్ని అక్కడికక్కడే ఇవ్వాలి.

బడిపిల్లల కళాపోటీలుగా కేంద్రం 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్ తొమ్మిదో తరగతి నుంచి పైవారికే. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు జిల్లాలో అలాంటి వేదిక ఒకటి ఉంటే బాగుంటుంది. వందమందికి మించి పిల్లలున్న చోట ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చిత్రకళ వంటి వాటిని నేర్పే పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలే చెబుతోంది. ఆ ఖాళీలు నింపితే పిల్లలను తీర్చిదిద్దడానికి మనుషులు దొరుకుతారు.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో జరగవని తెలుసు. రాబోయే తెలుగు భాషా దినోత్సవానికి మాత్రం సర్క్యులర్ జులై నెలాఖరుకే బడులకు చేరేలా చూడాలని జిల్లా విద్యాశాఖాధికారిని కోరుతున్నాను. అప్పుడు పుస్తకాల సంచి లేకుండా బడికి వచ్చే నో బ్యాగ్ డేగా పాటించే శనివారాలు మూడు నాలుగు చేతిలో ఉంటాయి, తరగతిలో ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ ఒకసారి లేచి నిలబడి మాట్లాడటానికి అవి సరిపోతాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
మధురవాడ, విశాఖపట్నం.