నా ఫ్లైలు ఉప్పునీటిలో విడిపోకుండా నిలబెట్టిన ముగ్గురికి కృతజ్ఞతలు

మొన్న అమావాస్య మరునాడు తెల్లవారుజామున మా జిల్లాలోని తూపిలిపాళెం సముద్రతీరంలో, నేను ఇంట్లో చుట్టుకున్న ఫ్లైకి, అంటే గాలపు నకిలీ ఎరకు, అరకిలోకు కొంచెం తక్కువ తూగే పార చేప ఒకటి పడింది. వలలతో గంపలకొద్దీ చేప దిగే ఊళ్ళో ఇది చెప్పుకోదగిన సంగతి కాదని నాకు తెలుసు. అయితే ఆ చేపను విడిపించి ఫ్లైని చేతిలోకి తీసుకుని చూస్తే, దాని తల దగ్గర ఒక్క దారపు చుట్టు కూడా వదులు కాలేదు, జరీ పోగు ఒక్కటీ ఊడలేదు. ఏడాది కాలంగా నాకు చేతకాని పని ఇది. చేతనయ్యేలా చేసిన ముగ్గురికి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని ఇద్దరు కోరారు, మూడో ఆయనకు ఈ రాతకోతల గొడవే పట్టదు, కాబట్టి పేర్లు లేకుండానే చెబుతాను.

ఫ్లై అనే మాట చాలామందికి కొత్త కనుక ముందు దాని సంగతి కొంత చెప్పాలి. గాలపు ముల్లుకు వెంట్రుకలు, ఈకలు, మెరిసే పోగులు దారంతో చుట్టి, నీటిలో చిన్న చేప కదులుతున్నట్లు కనిపించేలా తయారుచేసే నకిలీ ఎర అది. మామూలు గాలంలో సీసపు గుండు బరువుతో ఎర దూరం వెళుతుంది. ఇక్కడ ఎరకు బరువు దాదాపుగా ఉండదు, దానిని మోసుకుపోయేది లైను అనే లావుపాటి గాలపు తాడు బరువే. నేను వాడే ఎనిమిదో నంబరు లైనుకు మొదటి 30 అడుగుల బరువు 210 గ్రెయిన్లు, అంటే సుమారు పదమూడున్నర గ్రాములు. నేను చుట్టే రకాన్ని క్లౌజర్ మిన్నో అంటారు. పెన్సిల్వేనియాకు చెందిన బాబ్ క్లౌజర్ 1987లో ససక్వెహానా నదిలోని బాస్ చేపల కోసం దీనిని రూపొందించారు, తరువాత ఉప్పునీటిలోనూ అంతే పేరు తెచ్చుకుంది. ముల్లు కాడకు పైభాగాన రెండు బరువైన కళ్ళు కట్టడం వల్ల ఇది నీటిలో తిరగబడి, మొన పైకి ఉండేలా ఈదుతుంది, అడుగున ఇసుకలో గుచ్చుకోదు.

అక్కడివారు దీనికి అమెరికా తెల్లతోక జింక తోక వెంట్రుకలు వాడతారు. మన దగ్గర జింక వెంట్రుకల జోలికి పోతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు, శేషాచలం అడవి పక్కనే కాపురం ఉంటున్నవాళ్ళం కనుక ఈ మాట మరింత గట్టిగా చెప్పుకోవాలి. అందుచేత మాంసం కొట్టులో అడిగి ఒక తెల్లమేక తోక తెచ్చుకుని, షాంపూతో నాలుగుసార్లు కడిగి మిద్దె మీద ఆరబెట్టాను. తిరుపతిలో ఉంటూ వెంట్రుకలకు కరువా అని స్నేహితులు వేళాకోళం చేశారు గాని, స్వామికి ఇచ్చిన తలనీలాలతో చేపలు పట్టే ఆలోచన నాకు మింగుడుపడలేదు, పైగా మనిషి వెంట్రుక తడిస్తే ముద్దగా అంటుకుపోతుంది. కళ్ళ కోసం పిల్లలు మెడలో వేసుకునే స్టీలు పూసల గొలుసును రెండేసి పూసలుగా కత్తిరించాను. చూడటానికి ముచ్చటగానే ఉండేవి. సముద్రంలో మాత్రం మూడు నాలుగు విసుర్లకే తల దగ్గర ముడి జారి, దారం విప్పుకుని, మేక వెంట్రుకలు నురగ మీద తేలుతూ పోయేవి. ఒకే ఉదయం పదకొండు ఫ్లైలు ఇలా పోగొట్టుకుని వందకు పైగా కిలోమీటర్లు వెనక్కి బండి నడుపుకుంటూ వచ్చిన రోజున, ఈ పని మానేద్దామనే అనుకున్నాను. ఆదివారం తడిసిన ముళ్ళు మంగళవారానికి తుప్పు పట్టడం మరో తలనొప్పి, కాని స్టెయిన్‌లెస్ స్టీలు ముళ్ళకు మారి, ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగడం అలవాటు చేసుకున్నాక అది తీరిపోయింది.

మా వీధిలో చీరలకు కుచ్చులు కట్టే అక్క ఒకరున్నారు. పుట్టిల్లు వెంకటగిరి, నేతపని చేసుకునే కుటుంబం. మా ఇంట్లో చీర ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, ఆమె కుచ్చు మెడ చుట్టూ దారం చుట్టి ముగించే తీరు చూసి నిలబడిపోయాను. ముడి ఎక్కడా కనిపించడం లేదు. జేబులో ఉన్న ఫ్లై తీసి చూపించి, ఇది ఎందుకు విడిపోతున్నదో చెప్పగలరా అని అడిగాను. ఆమె నవ్వలేదు, వింతగా చూడలేదు, కళ్ళజోడు పెట్టుకుని గోటితో దారం కొసను పైకి లేపి, “చివర ముడి వేసినావు కదా నాయనా, ముడి మీదనే బరువంతా పెట్టినావు, అది జారక ఏం చేస్తాది?” అన్నారు. తరువాత వేరే దారపు ముక్కను ఉచ్చులాగా మడిచి మెడ వెంబడి పరిచి, దాని మీదుగా ఏడెనిమిది చుట్లు ఒకదాని పక్కన ఒకటి బిగించి, చుట్టే దారం కొసను ఆ ఉచ్చులోకి దూర్చి, ఉచ్చును వెనక్కి లాగేశారు. కొస చుట్ల కిందికి వెళ్ళి మాయమైంది. ఫ్లైలు చుట్టేవారు విప్ ఫినిష్ అని పేరుపెట్టి ప్రత్యేకంగా ఒక పనిముట్టు కొనుక్కుని చేసేది అచ్చంగా ఈ పనే. నేను ఆ పనిముట్టు కోసం రెండు నెలలు వెతికాను.

అంతటితో ఆగలేదు. పట్టుదారం తడిస్తే వదులవుతుందని, నైలాను కూడా నీళ్ళు పీల్చి సాగుతుందని చెప్పి, పాలియెస్టరు దారం ఉండ ఒకటి చేతిలో పెట్టారు. మెరుపు కోసం నేను వాడుతున్న జరీని చూసి, ఒక పోగు తెంపి అగ్గిపుల్లతో అంటించారు. దారం కాలిపోయి సన్నని రాగి తీగ నల్లగా మిగిలింది. “ఇది ఉప్పుకు చిలుము పడతాది” అన్నారు. తమ డబ్బాలోని ఇంకో పోగు అంటిస్తే అది ముడుచుకుని చిన్న పూసలాగా కరిగింది. అది ప్లాస్టిక్ జరీ, చీరకు తక్కువరకం, నా పనికి అదే సరైనది. ఇంకొక సంగతి నాకు నేనుగా ఎన్నటికీ తట్టేది కాదు. జరీకి ఒక పురి ఉంటుంది, నేను చుట్టే వైపు ఆ పురిని విప్పుతున్నది, అందుకే రెండు విసుర్లకే మెరుపు లేచిపోయి లోపలి దారం బయటపడుతున్నది. పోగును తిరగేసి రెండో కొస నుంచి చుట్టినా పురి మారదని, చుట్టే దిక్కునే మార్చాలని నా ముందే చేసి చూపించారు. ఇన్ని చెప్పినందుకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, మిగిలిపోయిన జరీ ముక్కలు ఒక కవరు నిండా ఇచ్చి పంపారు.

ఫ్లై తల మీద చుట్లకు వేసే పూత విషయంలో సాయపడింది సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడు. అంతవరకు నేను క్షణాల్లో అంటుకునే జిగురు పూసేవాణ్ణి, అది తెల్లగా మసకబారి, వెంట్రుకల్లోకి పాకి వాటిని పుల్లల్లాగా బిగదీసి, ఒక్క దెబ్బకు పగిలిపోయేది. వంపు తెర ఫోన్లకు గ్లాసు అంటించడానికి వాడే యూవీ జిగురు రెండు చుక్కలు వేసి, ఊదారంగు లైటు కింద నిమిషంసేపు పెట్టి చూపించాడు. పలచగా రెండు పూతలు వేయాలి సార్, ఒకేసారి మందంగా వేస్తే లోపల పచ్చిగా ఉండిపోతుంది, లైటు వంక చూడకండి, పైన జిగటగా ఉంటే స్పిరిటుతో తుడవండి అని మూడు జాగ్రత్తలు చెప్పాడు. లైటు కొనే పని కూడా పెట్టుకోవద్దని, మే నెల మిట్టమధ్యాహ్నం మిద్దె మీద పెడితే చాలునని అన్నది అతడే. నిజంగానే చాలు.

ఇక తూపిలిపాళెం పెద్దాయన. 2022లో జిల్లాలు మారినప్పుడు వాకాడు మండలం మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది గాని, నాకు సముద్రం మా జిల్లాలోకి వచ్చింది ఆయన వల్లనే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో ఆయన ఒడ్డున వల బాగుచేసుకుంటూ, నేను అలల్లోకి విసురుతూ తంటాలు పడటం చాలాసేపు చూసి, చివరకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నా పెట్టెలోని ఫ్లైలన్నీ చూసి, జానెడు పొడవున్న ఎర్ర ఫ్లైని పైకెత్తి, “ఇంత చేప ఇప్పుడు ఒడ్డుకు ఏడొస్తాది అబ్బయ్యా?” అని అడిగారు. ఆ పూట ఒడ్డున తిరుగుతున్నవి నెత్తళ్ళు, ఆయన చిటికెన వేలంత ఉన్నాయి. పొట్ట తెలుపు, వీపు లేత పచ్చ, మధ్యలో ఒక వెండి గీత. ఆ కొలతకు, ఆ రంగులకు చుట్టుకు రమ్మన్నారు. ముల్లు తిరగబడి ఈదుతుంది కనుక పచ్చ వెంట్రుకలు మొన వైపు కట్టాలని నాకు రెండో ప్రయత్నంలో గాని వెలగలేదు, మొదట కట్టిన నాలుగూ వెల్లకిలా పడిన చేపల్లాగా ఈదాయి.

ఎక్కడ విసరాలో కూడా ఆయనే నేర్పారు. నేను అందరిలాగే చేతనైనంత దూరం విసిరేవాణ్ణి. అల విరిగేచోట ఇసుక మిట్ట ఉంటుంది, అక్కడ విరిగిన అల ఒడ్డుకు చేరేలోపు కాసేపు నురగ లేకుండా రంగు ముదిరి కనిపించే పట్టీలో లోతు ఉంటుంది, చేప ఆ పట్టీ వెంబడే తిరుగుతుంది. అది ఒక్కోచోట ఒడ్డుకు పాతిక అడుగులు కూడా ఉండదు. నీళ్ళు వెనక్కి లాగేచోట మోకాలి లోతు దాటి దిగవద్దని ఒట్టు వేయించుకున్నారు. పోటు రోజురోజుకు ముప్పావుగంట పైచిలుకు వెనక్కి జరుగుతుందని నేను పుస్తకంలో చదువుకున్నాను, ఆయన దానిని చంద్రుణ్ణి చూసి చెబుతారు. మొన్న పడిన పారను ఆయనకే ఇచ్చాను, పులుసుకు చాలదని అంటూనే తీసుకున్నారు. ఒకసారి ఫ్లైకి జెల్ల పడినప్పుడు, ఆ ముల్లు విషం తెలియక చేయి పెట్టబోయిన నన్ను కసిరి ఆపింది కూడా ఆయనే. ఆ కసురుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

పార కొరికిన ఆ ఫ్లైని మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నిన్న సాయంత్రం కుచ్చుల అక్కకు తీసుకువెళ్ళి ఇచ్చాను. పళ్ళ గాట్లు పడి వెంట్రుకలు కొన్ని తెగాయి గాని తల గట్టిగానే ఉందని గొప్పగా చెప్పాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురు వైపు పట్టుకుని తిప్పి తిప్పి చూసి, నాలుగో చుట్టు దగ్గర జరీ మడతపడిందని చూపించి, పోగు మళ్ళీ విప్పడం మొదలుపెట్టారు.