ప్లగ్గులు ఇక రుద్దం

ఈ నెల నుంచి మా షెడ్డులో పాత స్పార్క్ ప్లగ్గుని రుద్ది మళ్ళీ బిగించడం మానేశామండి. రుద్దితే పోయేదానికి కొత్తది అంటగడుతున్నారని కొందరు అంటున్నారు కాబట్టి సంగతి చెప్పేస్తున్నాం.

వైరు బ్రష్షుతో రుద్దితే పింగాణీ మీద లోహపు గీతలు పడతాయి. కరెంటు కొస దాకా రాకుండా వాటి మీదుగానే బాడీలోకి దిగిపోతుంది. గరుకు కాగితం రజను సిలిండర్లో రాలితే బోరు, అంటే సిలిండరు లోపలి గోడ, గీసుకుపోతుంది. ఇన్నాళ్ళూ మేమూ రుద్దాం. తప్పే.

అయితే ప్లగ్గు నల్లబడడం చాలాసార్లు ప్లగ్గు తప్పు కాదు. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పోతోందని. చోక్ లాగి మర్చిపోయారేమో, ఎయిర్ ఫిల్టర్ పూడిందేమో చూడాలి. కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోసే చోట తిరిగే బండికి ఊకదుమ్ము చాలు. తడిగా, జిడ్డుగా ఉంటే పిస్టను రింగులు గానీ వాల్వ్ సీళ్ళు గానీ అరిగి ఆయిల్ పైకొస్తోంది. అప్పుడు కొత్త ప్లగ్గు వేయించుకున్నా నాలుగు రోజుల ముచ్చటే. తెల్లగా మాడితే మాత్రం బండి ఆపి తీసుకురండి, పిస్టనుకే ముప్పు. లేత గోధుమ రంగులో ఉంటే దాని జోలికి పోకండి.

వానల్లో మిస్సింగ్ కొడితే ముందు ప్లగ్గు క్యాప్ చూడండి. పగిలిన క్యాప్ నుంచి చీకట్లో నీలం మెరుపు కనిపిస్తుంది. కాలవగట్టు బురద హెడ్డు పక్కనున్న చిన్న రంధ్రాన్ని మూసేస్తే ప్లగ్గు గుంటలో నీళ్ళు నిలుస్తాయి. సన్న తీగతో పొడిస్తే సరిపోతుంది, దీనికి మేం డబ్బులు తీసుకోం.

ఇంట్లోనే మార్చుకునేవాళ్ళు ఇంజను చల్లారాకే విప్పండి, ముందు గుంటలో మట్టి ఊదెయ్యండి. 100–125 సీసీ ఫోర్ స్ట్రోక్ బళ్ళలో చాలావాటికి ప్లగ్గు కొసన నిప్పురవ్వ దూకే సందు (గ్యాప్) 0.8–0.9 మి.మీ. పాత ప్లగ్గు మీదున్న నంబరే కొనండి. చేత్తో చివరిదాకా తిప్పి, వాషర్ తగిలాక పానాతో అర చుట్టు. అంతకు మించితే హెడ్డు మరలు పోతాయి, ఆ బిల్లు ప్లగ్గు ధరకి ఎన్నో రెట్లు. రెండు ప్లగ్గుల పల్సర్‌కి రెండూ కలిపే మార్చాలి.

మందు కొట్టే టూ స్ట్రోక్ స్ప్రేయర్లకి పెట్రోల్లో ఆయిల్‌ని కంపెనీ చెప్పినంతే కలపండి, ‘ఇంకాస్త పడితే మంచిదే’ అనుకుంటే ప్లగ్గు మసిబారుతుంది. దమ్ము ట్రాక్టరు ప్లగ్గు గురించి అడిగేవాళ్ళకి: డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్గే ఉండదండి.

తీసేసిన పాత ప్లగ్గు మీ చేతికే ఇస్తాం. రంగు మీరే చూసుకుని అడగండి.