సగం టికెట్టు సంగతి

తిరుపతి బస్టాండు,
ఆదివారం పొద్దున

రేయ్ అబ్బీ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నరైంది. జవాబు రాయనందుకు ఎంత తిట్టినా పడతా. ఇంట్లో అందరూ బాగున్నారు. అత్త మొక్కు తీర్చుకుంది, అలిపిరి నుంచి 3550 మెట్లకూ పసుపు కుంకుమ పెట్టింది, ఇప్పుడు నడుం పట్టేసి మంచం మీదుంది. మిగతావి తర్వాత. ముందు ఇది విను, నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

లామ్ప్స్ అని చెప్పా గుర్తుందా, అణువులు ఎలా కదులుతాయో లెక్కగట్టే ప్రోగ్రాం. దానికి నా సొంత బలం ఒకటి తగిలించాలి. అణువు ఇంతకుముందు ఎక్కడెక్కడ తిరిగిందో గుర్తుపెట్టుకుని లాగే బలం. అందుకే అందులో ముందే ఉన్న యాడ్‌ఫోర్స్, అంటే మనం చెప్పిన బలాన్ని అణువులకు కలిపే ఆదేశం, పనికిరాలేదు. సీ++లో ఒక 'ఫిక్స్', అంటే ప్రోగ్రాంకు తగిలించే చిన్న కోడ్ ముక్క, రాసి, సోర్స్ ఫోల్డర్లో పెట్టి, మళ్లీ కంపైల్ చేస్తే చాలు. కాలాన్ని అడుగు అడుగుగా జరిపే అసలు లూప్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఆ ఏర్పాటు ఆలోచించినవాళ్లకు దండం పెట్టాలిరా! లూప్ ప్రతి అడుగులో కొన్ని చోట్ల ఆగి, ఇక్కడ ఎవరికైనా పనుందా అని చూస్తుంది. మన ఫిక్స్‌లో సెట్‌మాస్క్ అనే ఫంక్షన్ ఉంటుంది, అందులో మనం ఏ చోటు చెప్పిపెడితే అక్కడ మన కోడ్‌ను పిలుస్తుంది. నేను 'ఎండ్ ఆఫ్ స్టెప్' అని చెప్పా. అడుగు ముగిశాక బలం కలిపితే తర్వాతి అడుగుకు అందుతుంది కదా అనుకున్నా.

కంపైలైంది. నడిచింది. ఒక్క ఎర్రరూ లేదు. మూడు వారాలు గ్రాఫులు గీశా. గైడు గారు చూసి, "ఎక్కడో తగ్గుతోంది బాబూ" అన్నారు. ఆ రాత్రి అన్నీ పీకేసి ఒక్క అణువును మిగిల్చా. ద్రవ్యరాశి 1, బలం 1, అడుగు 0.005, మొత్తం 1000 అడుగులు. వేగం 5 రావాలి, నోటిలెక్క. 2.4975 వచ్చింది.

సగం! మదనపల్లి బస్సులో నీ సగం టికెట్టు, ఆ కండక్టరు మొహం గుర్తొచ్చి అర్ధరాత్రి ఒక్కణ్ణే నవ్వా. కానీ సగమైతే 2.5 రావాలి కదరా? ఆ 0.0025 ఎటు పోయింది? కాగితం తీసుకుని ఒక్కో అడుగూ చేత్తో వేశా. ప్రోగ్రాం వేగాన్ని అడుగుకు రెండు సగాలుగా పెంచుతుంది. మొదటి సగం పెంచి అణువును జరుపుతుంది. పాత బలాలన్నీ సున్నా చేసి, కొత్తవి లెక్కగట్టి, అప్పుడు రెండో సగం. నా బలం చేరేది అడుగు చివర్లో. తర్వాతి అడుగు మొదటి సగానికి అందుతుంది, వెంటనే తుడుచుకుపోతుంది, రెండో సగానికి ఉండదు. మొట్టమొదటి అడుగులో అసలు ఏమీ అందలేదు. అంటే 999 సగాలు. ఒక్కోటి 0.0025. కూడి చూడు!

'పోస్ట్ ఫోర్స్'కు, అంటే కొత్త బలాలు లెక్కగట్టాక, రెండో సగానికి ముందు పిలిచే చోటుకు మార్చా. 4.9975. ఇంకా ఒక్క సగం బాకీ. లూప్ మొదలయ్యే ముందు సెటప్‌లో కూడా నా బలాన్ని పిలవాలి. పిలిచా. 5.

ఆ 5 చూసి కళ్లలో నీళ్లొచ్చాయిరా, నిజంగా. మూడు వారాల గ్రాఫులు పోయాయి, ఆ బాధ వేరే. కానీ అవి చూడ్డానికి ఎంత నిజంలా ఉన్నాయో! గైడు గారు ఆ మాట అనకపోయుంటే అవే పేపర్లో పెట్టేసి...

నీ ఉద్యోగం సంగతి ఏమైంది? అమ్మ మోకాలు ఎట్లుంది? రాయి.

అసలు కష్టం ఇంకా ముందుంది. నాలుగు ప్రాసెసర్ల మీద నడిపితే, అణువు ఒకదాని నుంచి ఇంకోదానికి పోయేటప్పుడు దాని జ్ఞాపకాన్ని కూడా మూటగట్టి పంపాలి. అది ఎట్లా చేయాలనుకుంటున్నానంటే, ఏర్పేడు బస్సొచ్చేసిందిరా, ఉంటా