గడప కింద దాక్కున్న మెట్టు

ప్రియమైన బావా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు నన్ను తిట్టడానికే సరిపోయాయి. "నువ్వు ఇంజనీరువై ఉండి మా అమ్మను వీధిలోకి రాకుండా చేశావు" అని రాశావు చూడు, ఆ వాక్యాన్ని మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ కూడా నీ పక్షమే. ఇంట్లోనూ నాకు దిక్కు లేదని గ్రహించి మిగతాది కాస్త ఓపికగా చదువు.

మీ వీధి తవ్వి నలభై రోజులైన మాట నిజమే. అత్తయ్యగారు గుమ్మంలో వేసిన చెక్క మీద నడిచి పాలకు వెళ్లిన మాటా నిజమే. ఇప్పుడు ఆ పాలు మా పెద్దవాడు ఇచ్చి వస్తున్నాడు కాబట్టి ఆ ఒక్క నేరం కొట్టెయ్యి. మిగిలిన వాటికి సంజాయిషీ ఇది.

చిన్నప్పుడు మీ అరుగు ఎక్కాలంటే మూడు మెట్లు ఎక్కాలి, గుర్తుందా? మొన్న సర్వేకు వెళ్లి చూస్తే ఒక్క మెట్టే ఉంది. అరుగు కుంగలేదు, వీధి లేచింది. పొక్లెయిన్ రెండుసార్లు తోడేసరికి రోడ్డు కడుపంతా బయటపడింది. పైన ఆరంగుళాల సిమెంటు కాంక్రీటు, దాని కింద రెండు వరసల తారు, ఆ కింద కంకర, మళ్లీ తారు, అట్టడుగున తాతల నాటి బండరాళ్లు. అట్టు మీద అట్టు వేసుకుంటూ పోయారు కానీ, కింది అట్టు తీసిన వాడు ఒక్కడూ లేడు. తీయాలంటే పాత పొర గీకాలి, ఆ చెత్త ఊరవతలికి తోలాలి. దానికి ఖర్చే తప్ప చూపించుకోవడానికి ఏమీ ఉండదు. గీకిన రోడ్డుకు ఎవరూ రిబ్బను కత్తిరించరు కదా.

రోడ్డు లేచింది కానీ పక్క కాలువ లేవలేదు, ఇళ్లు అసలే లేవలేవు. అందుకే జల్లు పడితే చాలు, వీధి నీరంతా వరండాల్లో కాపురం పెట్టేది. అత్తయ్యగారు గడప మీద ఇటుకలు పేర్చి సిమెంటు పూయించిన గట్టు ఉంది చూశావా, అది నీకు గుమ్మంలా కనిపించవచ్చు, నాకు మాత్రం మా శాఖ మీద రాసిన ఫిర్యాదులా కనిపిస్తుంది.

ఇక కాలువ సంగతి. లెక్కలంటే నీకు పడదని తెలుసు, ఒక్కటి మాత్రం భరించు. ఒక హెక్టారు స్థలం, అంటే సుమారు రెండున్నర ఎకరాలు, మొత్తం కాంక్రీటు పోసుకుని ఉంది అనుకో. గంటకు 50 మిల్లీమీటర్ల జోరుతో వాన పడితే దాని నుంచి సెకనుకు సుమారు 139 లీటర్లు వచ్చిపడతాయి. అంటే సెకనుకు తొమ్మిది బిందెలు. అదే పాత రోజుల్లోలా పెరడు, కొబ్బరిచెట్లు, మట్టి ఉంటే అందులో మూడో వంతు వస్తే గొప్ప. మన దేశంలో పాత కాలువలు చాలావరకు గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకు కట్టినవని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. 2000 ఆగస్టులో హైదరాబాదు మీద ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. ఆ నీటిని పాత కాలువలో పంపాలనుకోవడం ఉగ్గుగిన్నెతో చెరువు తోడటమే.

హైదరాబాదు అంటే గుర్తొచ్చింది. కాలేజీ టూరులో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు కింద ఫొటో దిగాం కదా. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి నూటయాభై మంది బతికారని చెప్పారు. మరుసటి ఏడాది విశ్వేశ్వరయ్య వచ్చి జలాశయాలు సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆయన మురుగునీటి పథకం కూడా ఇచ్చారు. పరీక్షకు మనం జలాశయాలు బట్టీ పట్టి మురుగు వదిలేశాం. నేను వదిలేసిన ఆ ఒక్క పాఠమే ముప్పై ఏళ్ల ఉద్యోగమైంది.

మన డెల్టా నేలతో ఇంకో చిక్కు. కొండ ఊళ్లలో నీరు తనంతట తానే పోతుంది. మనది అద్దంలా చదునైన నేల. మీ వీధి నాలుగు వందల మీటర్లు. మీటరుకు ఒక మిల్లీమీటరు వాలు దొరికినా, ఈ చివర నుంచి ఆ చివరకు మొత్తం నలభై సెంటీమీటర్లే. మేస్త్రి ఒక్కచోట ఐదు సెంటీమీటర్లు ఎత్తు పెట్టాడంటే, వెనక యాభై మీటర్ల పొడవునా నీరు నిలిచి దోమలకు నారుమడి అవుతుంది. అందుకే కాలువ లెక్క ఎప్పుడూ చివర నుంచి మొదలుపెట్టాలి. పడబోయే పెద్ద డ్రైనులో వానాకాలం నీటిమట్టం ఎంతో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడవాలి. మీ వీధిలో ఇంతకుముందు కాలువ కట్టినవాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టారు. చివరికొచ్చేసరికి కాలువ అడుగు పెద్ద డ్రైను నీటిమట్టం కంటే కిందికి దిగింది. ఇక నీరు పోవడం మాని, అటు నుంచే రావడం మొదలైంది.

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాక జనం డ్రైన్ల గురించి అడుగుతున్నారు. అది వీధి కాలువల తప్పు కాదు, గట్టు తెగి వచ్చిన నీరు. అయినా ఆ భయం వల్లే మా ఎస్టిమేట్లలో రోడ్డు కంటే ముందు డ్రైను రాయగలుగుతున్నాం. అంతకుముందు డ్రైను అంటే, మిగిలిన డబ్బుతో చేసే పని.

పని ఆలస్యం ఎందుకంటావా? తవ్వగానే ఎవరికీ తెలియని మంచినీటి పైపు పగిలింది. తర్వాత మూడు కేబుళ్లు, ఎవరివో ఎవరూ ఒప్పుకోలేదు. ఆపైన పన్నెండు ఇళ్ల మరుగుదొడ్ల గొట్టాలు నేరుగా వాననీటి కాలువలోనే తేలాయి. ఆ పన్నెండింటిలో మీది ఒకటి. ఎవరికీ చెప్పలేదులే.

ఇప్పుడు కాంక్రీటు పోశాం. దాని మీద మట్టిగట్లు వేసి, మడులు కట్టి, నీరు నిలబెట్టి క్యూరింగ్ చేస్తున్నాం. రెండు వారాలు దాని మీద చుక్క ఆరకూడదు, ఆ తర్వాత దాని మీద చుక్క నిలవకూడదు. ఈ ఉద్యోగంలో నాకు నవ్వొచ్చేది ఇదొక్కటే. గట్లు తీశాక మధ్యలో నిలబడి ఒక బిందె నీళ్లు ఒంపి చూస్తాను. నడుమ నుంచి అంచుకు వందకు రెండు వంతుల వాలు ఇచ్చాం. ఏడు మీటర్ల రోడ్డుకు నడుమ ఏడు సెంటీమీటర్ల ఎత్తన్నమాట. నీరు అటూ ఇటూ చీలి పక్క జాలీలో పడాలి. పడకపోతే నువ్వు నన్ను ఇంకో నాలుగు పేజీలు తిట్టవచ్చు.

అసలు విషయం చివరికి దాచాను. పాత పొరలన్నీ తీయించి రోడ్డు మట్టం దించినప్పుడు మీ రెండో మెట్టు బయటపడింది. కూలీలు మట్టి గీకి నీళ్లు కొడితే, దాని మీద మనం మేకుతో గీసిన పులి-మేక గళ్లు ఉన్నాయి. ఒక మూల పెచ్చు ఊడింది కానీ గీతలు చెక్కుచెదరలేదు. అత్తయ్యగారు వచ్చి కాసేపు చూసి, "ఇదా మీరు చదివిన చదువు" అన్నారు. మర్నాడు చూస్తే ఆ మెట్టు కడిగి పసుపు రాసి ఉంది. మూడో మెట్టు రోడ్డు కిందే ఉండిపోతుంది. దానికి నేనేమీ చేయలేను, అక్కడి కంటే దించితే కాలువకు వాలు చాలదు.

ఒక్క పని మాత్రం నువ్వు చెయ్యాలి. అద్దెకున్నవాళ్ల కారు కోసం అత్తయ్యగారు కాలువ మీదుగా సిమెంటు ర్యాంపు పోయిస్తానంటున్నారు. పోస్తే ఆ మెట్టు మళ్లీ మాయమవుతుంది. పైగా కింద పూడిక తీయడానికి చేయి దూరదు, మీ వెనకున్న ఇరవై ఇళ్ల నీరు మీ గుమ్మం ముందే ఆగుతుంది. కావాలంటే ఎత్తి పక్కన పెట్టగల ఇనుప జాలీ వేయిస్తానన్నాను. "నువ్వు కూడా ఆఫీసు మనిషివైపోయావు" అన్నారు. ఆదివారం ఫోను చేసినప్పుడు నువ్వే చెప్పు. మేస్త్రి బుధవారం వస్తాడట.

నీ
బావ