ప్రాసెసర్ పనితీరు కౌంటర్లను బయాస్ ఆక్రమించడంపై ఫిర్యాదు

సేవా విభాగాధిపతి గారికి,

విషయం: మీ సర్వర్ బయాస్ (సర్వర్‌ను మొదట మేల్కొలిపే ఫర్మ్‌వేర్, అంటే యంత్రంలోనే ఉండే ప్రోగ్రాము) ప్రాసెసర్ పనిని లెక్కించే హార్డ్‌వేర్ కౌంటర్లను తన వద్దే ఉంచుకోవడం గురించి.

అయ్యా,

మీ సంస్థ వద్ద కొన్న సర్వర్ మీద వరంగల్ ఏనుమాముల మార్కెట్ వ్యాపారులకు తక్‌పట్టీలు (సరుకు తూకం, ధర చూపే రసీదులు) తయారుచేసే మా సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. మిర్చి సీజన్‌లో జెండా పాట (ధర పలికే వేలం) ముగిసి కాంటాలు మొదలైన తరువాత తక్‌పట్టీల జారీ మందగిస్తుండడంతో, ప్రాసెసర్ సమయం ఎక్కడ ఖర్చవుతోందో తెలుసుకోవడానికి లినక్స్‌లోని పెర్ఫ్ సాధనంతో కొలిచాము. అదే ప్రోగ్రామును అదే డేటాతో నడిపినప్పుడు ఇన్‌స్ట్రక్షన్ల (ప్రాసెసర్ అమలుచేసిన ఆదేశాల) లెక్క దాదాపు ఒకేలా వస్తున్నా, సైకిళ్ల (ప్రాసెసర్ క్లాక్ టిక్కుల) లెక్క మాత్రం పట్టిన సమయానికీ క్లాక్ వేగానికీ ఏమాత్రం పొంతన లేకుండా మారుతోంది.

సర్వర్ బూట్ అయ్యేటప్పటి లాగ్‌లో కారణం స్పష్టంగానే ఉంది. హార్డ్‌వేర్ కౌంటర్లను బయాస్ చెడగొట్టిందనీ, స్థిర కౌంటర్లను (ఒక్కొక్కటి ఒకే నిర్ణీత అంశాన్ని లెక్కించేవి) నియంత్రించే 38డి నంబరు ఎంఎస్ఆర్ అనే ప్రాసెసర్ రిజిస్టరులో బి0 విలువ ఉందనీ లినక్స్ మూలభాగమైన కెర్నల్ నమోదు చేసింది. అంటే కెర్నల్ ఇంకా చేయి పెట్టకముందే, కోర్ సైకిళ్లను లెక్కించే స్థిర కౌంటరును మీ ఫర్మ్‌వేర్ నడిపిస్తోంది. హార్డ్‌వేర్ విక్రేతకు ఫిర్యాదు చేయమని కూడా అదే సందేశం సూచించింది గనుక, ఈ లేఖ ఆ సూచన ప్రకారమే రాస్తున్నానని అనుకోవచ్చు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని మీ సహాయ కేంద్రం చెప్పింది. సమస్య దానికంటే కింది స్థాయిలో ఉన్నప్పుడు ఆ సలహా వల్ల ప్రయోజనం లేదు. సిస్టమ్ స్తంభించిపోతే కనిపెట్టే లినక్స్‌లోని ఎన్‌ఎంఐ వాచ్‌డాగ్ కూడా ఒక కౌంటరును వాడుకుంటుంది కాబట్టి దాన్ని ముందే ఆపి చూశాము, తేడా పోలేదు. మా ప్రాసెసర్‌లో హైపర్‌థ్రెడింగ్ (ఒక కోర్ రెండు థ్రెడ్‌లుగా పనిచేయడం) ఉన్నప్పుడు ఒక్కో థ్రెడ్‌కు 4 సాధారణ కౌంటర్లు, 3 స్థిర కౌంటర్లు మాత్రమే ఉంటాయి. లెక్కించమని అడిగిన ఈవెంట్లు (అంశాలు) అంతకు మించితే పెర్ఫ్ వాటిని వంతులవారీగా లెక్కించి, ఏది ఎంత శాతం సమయం నడిచిందో పక్కనే చూపిస్తుంది. లినక్స్ లోపలి పోటీ ఈ విధంగా బయటికి కనిపిస్తుంది. మీ ఫర్మ్‌వేర్ వాటా మాత్రం ఏ లెక్కలోనూ కనిపించదు. కాంటా మీద ఒకరి బస్తా దించకముందే మరొకరు తమ బస్తా పెడితే ఆ తూకాన్ని రైతు గానీ, సేటు గానీ ఒప్పుకోరు.

కౌంటరును వాడేముందు అది అప్పటికే ఎనేబుల్ అయి ఉందో లేదో చూడాలనీ, ఉంటే దాని జోలికి పోరాదనీ ఇంటెల్ తన మార్గదర్శినిలో చెప్పింది. అయితే అందరికంటే ముందు మేల్కొనే బయాస్ కౌంటరును పట్టుకుని వదలకపోతే, ఆ నియమాన్ని పాటించే సాఫ్ట్‌వేరే నష్టపోతుంది.

కాబట్టి విద్యుత్ వినియోగ పరిశీలన కోసం ఫర్మ్‌వేర్ కౌంటర్లను వాడుకోవడాన్ని ఆపే సెట్టింగును, సర్వీసు సిబ్బందికి మాత్రమే తెలిసిన మెనూలో కాకుండా సాధారణ బయాస్ మెనూలోనే ఇస్తూ అప్‌డేట్ విడుదల చేయవలసిందిగా కోరుతున్నాను. దాన్ని ఆపితే ఏయే సదుపాయాలు పోతాయో, ఏయే మోడళ్లలో ఈ సమస్య ఉందో మీ ఫర్మ్‌వేర్ విభాగం నుంచే రాతపూర్వకంగా తెలియజేయగలరు. అప్‌డేట్ వచ్చేదాకా మా ఫిర్యాదును పరిష్కరించినట్లుగా మూసివేయవద్దని మనవి.

ఇట్లు,
సిస్టమ్స్ ఇంజినీరు,
మడికొండ ఐటీ పార్కు, హనుమకొండ జిల్లా.