జవాబుతో పాటు అసత్య వరసలూ అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌కు చదివేవారి కోసం మీ విద్యా పేజీలో ఇస్తున్న మాదిరి ప్రశ్నల్లో ‘ఈ రెండు ప్రవచనాలు తుల్యమా?’ అన్నది తరచూ వస్తోంది. అంటే సత్యమో అసత్యమో తేల్చగల ఆ రెండు వాక్యాలు ప్రతి సందర్భంలోనూ కలిసే సత్యమో, కలిసే అసత్యమో అవుతాయా అని. కింద జవాబు సంఖ్య ఒక్కటే ఉంటోంది. సత్య, అసత్యాల అన్ని కలయికలనూ వరసలుగా చూపే సత్య పట్టిక లేకుండా ఆ సంఖ్య చూసి, తాము ఏ వరసలో తప్పారో పిల్లలకు ఎలా తెలుస్తుంది?

పి → (క్యూ → ఆర్), (పి → క్యూ) → ఆర్ తీసుకోండి. ఇక్కడ → గుర్తును ‘అయితే’ అని చదవాలి. బ్రాకెట్ పక్కకు జరిగిందంతే కదా అని చాలామంది తుల్యమని గుర్తు పెట్టేస్తారు. మూడు ప్రవచనాలున్నాయి కాబట్టి పట్టికకు 8 వరసలు. పి సత్యమైన 4 వరసల్లో రెండూ చక్కగా కలుస్తాయి. అక్కడితో ఆపితే దెబ్బతిన్నట్టే. పి, ఆర్ రెండూ అసత్యమైన రెండు వరసలకు రండి: మొదటిది సత్యం, రెండోది అసత్యం. పి అసత్యమైతే ‘పి అయితే క్యూ’ కూడా అసత్యమే అనుకోవడం దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. అది సత్యమే. ముందుభాగం సత్యమై, వెనకభాగం అసత్యమైన ఒక్కచోటే ‘అయితే’ వాక్యం అసత్యమవుతుంది.

పరీక్షలో టైం చాలకపోతే అసత్యం వచ్చే వరసలే వెతకాలి. ఇక్కడ మొదటిదానికి 1, రెండోదానికి 3. తుల్యం కావని తేలిపోయింది. అయితే లెక్క సరిపోయినంత మాత్రాన తుల్యమని రాయకూడదు, అవే వరసలు కావాలి. ‘పి అయితే క్యూ’కూ, దాని విపర్యయానికీ (‘క్యూ అయితే పి’) చెరొక అసత్య వరసే ఉంటుంది కానీ ఆ వరసలు వేరు.

మన మెట్రోనే చూడండి. ‘మియాపూర్–ఎల్బీనగర్ రైలైతే అమీర్‌పేటలో ఆగుతుంది’ నిజం. ‘అమీర్‌పేటలో ఆగితే అది మియాపూర్–ఎల్బీనగర్ రైలే’ అని విపర్యయం చెబితే చెల్లదు, నాగోల్–రాయదుర్గం రైలూ అక్కడ ఆగుతుంది. ‘అమీర్‌పేటలో ఆగకపోతే అది మియాపూర్–ఎల్బీనగర్ రైలు కాదు’ అన్న ప్రతివర్తితమే (రెండు భాగాలనూ తారుమారు చేసి, రెండింటికీ ‘కాదు’ చేర్చినదే) మొదటి మాటకు తుల్యం.

8 వరసల పట్టికకు పేజీలో చోటు దొరకదన్నది అర్థం చేసుకోగలం. అసత్య వరసలు మాత్రమే వేస్తే పై లెక్కకు ఒక్కో ప్రవచనానికి ఒకటి చొప్పున రెండు పంక్తులు చాలు. వచ్చే సంచిక నుంచైనా వాటిని జవాబు పక్కన ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక గణిత అధ్యాపకుడు, నల్లకుంట, హైదరాబాద్