నెట్ నెమ్మదిగా ఉందంటున్న మా కస్టమర్లకు

ఈ మధ్య మా ద్వారకానగర్ షాపుకు వస్తున్న ఫోన్లలో సగానికి పైగా ఒకటే ప్రశ్న: "నెట్ నెమ్మదిగా ఉందండీ, పెద్ద ప్లాన్ వేయించుకోమంటారా?" వద్దంటే మాకు వచ్చే కమీషన్ పోతుంది. అయినా చెబుతున్నాం, తొందరపడకండి. కాసేపు తెర తెల్లగా ఉండి, తర్వాత పేజీ మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంటే చాలాసార్లు లోపం లైనులో ఉండదు. సైటు పేరుకు అంకెల చిరునామా కనుక్కునే చోటే కంప్యూటర్ ఆగిపోతుంటుంది.

గాజువాక ఆటోనగర్‌లో ఒక విడిభాగాల దుకాణంలో చూసింది ఇదే. అక్కడి బిల్లింగ్ కంప్యూటర్ విండోస్ మీద కాక లినక్స్ మీద నడుస్తుంది. పేరు అడిగితే అంకెల చిరునామా చెప్పే సర్వర్లను నేమ్ సర్వర్లంటారు. కంప్యూటర్‌లో ఉన్న వాటి జాబితాలో మొదటిది ఎప్పుడో మానేసిన పాత కనెక్షన్ వారిది, ఇప్పుడు మనకు జవాబివ్వదు. లినక్స్ ఆ జాబితాను పైనుంచి కిందికి అడుగుతూ పోతుంది. ఒకటి పలకకపోతే మామూలుగా 5 సెకన్లు చూసి గానీ రెండోదాని జోలికి వెళ్లదు. ఆ ఒక్క వరుస తీసేయగానే కౌంటర్ దగ్గర బిల్లులు చకచకా కదిలాయి. ప్లాన్ అదే, కేబుల్ అదే. అన్నట్టు, జాబితాలో మొదటి మూడింటినే లినక్స్ లెక్కలోకి తీసుకుంటుంది. ఐదారు రాసి పెట్టుకున్నవారికి మిగిలినవి అలంకారమే.

ఇక కొందరితో మాటా మాటా పెరిగిన సంగతి. ఆఫీసులో సొంత నేమ్ సర్వర్ ఉన్నవారు, దాని కిందే గూగుల్ వారి నేమ్ సర్వర్ 8.8.8.8 కూడా రాయమంటున్నారు, "ఉంటే మంచిదే కదా" అని. మేం రాయం. మీ అకౌంట్ల సర్వర్ పేరు మీ గోడలు దాటి ఎవరికీ తెలియదు. మీ నేమ్ సర్వర్ ఒక్కసారి ఆలస్యం చేసిందంటే కంప్యూటర్ వెళ్లి గూగుల్‌ను అడుగుతుంది. అది "ఆ పేరే లేదు" అంటుంది. లేదన్నాక కంప్యూటర్ మరొకరిని అడగదు, అదే ఖాయం చేసుకుంటుంది. "పొద్దున పనిచేసింది, మధ్యాహ్నానికి పోయింది" అనే ఫిర్యాదులు చాలావరకు ఇక్కడ పుట్టినవే. రెండోది కావాలంటే మీ పేర్లు తెలిసిన ఇంకో సర్వరే పెట్టాలి. ఖర్చవుతుంది, కాదనం.

ఈ నెల నుంచి మా పద్ధతిలో ఒక మార్పు. ఇకపై ఒక్కో కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైలులో (పేర్లు, వాటి చిరునామాలు రాసుకునే ఫైలు) సర్వర్ చిరునామా చేత్తో రాయం, రాసి ఉన్నవి తీసేస్తాం. పేర్లన్నీ మీ ఆఫీసు నేమ్ సర్వర్‌లో, అది లేనిచోట రౌటర్‌లో, ఒక్కచోటే ఉంటాయి. కంప్యూటర్ నేమ్ సర్వర్ కన్నా ముందు ఆ ఫైలునే చూస్తుంది. కొత్త రౌటర్ వచ్చి ఆఫీసు లోపలి చిరునామాల మొదలు 192.168.0 కాస్తా 192.168.1 అయిన రోజున, బయట అంతా సరిగ్గా ఉన్నా ఆ పాత వరుస మాటే నెగ్గుతుంది. ఒకప్పుడు ఇంటర్నెట్ మొత్తం ఇలాంటి ఒక్క ఫైలు మీదే నడిచేది, కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థ దాన్ని చూసుకునేది. యంత్రాలు పెరిగి అది మోయలేని భారమయ్యాకే 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్‌ను, అంటే ఇప్పటి ఈ నేమ్ సర్వర్ల ఏర్పాటును, రూపొందించారు. అప్పుడే వదిలేసిన పద్ధతిని మన డాబాగార్డెన్స్ ఆఫీసులు ఇంకా ఎందుకు మోయాలో నాకు అర్థం కాదు.

లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వాడేవారికి ఒక మనవి. నేమ్ సర్వర్ల జాబితా ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి 127.0.0.53 కనిపిస్తే, అది ఆ కంప్యూటర్ సొంత చిరునామానే, కంగారుపడి మార్చకండి. చేత్తో మార్చవద్దని ఆ ఫైలు తలమీదే రాసి ఉంటుంది. మీరు రాసింది తర్వాత దానంతటదే చెరిగిపోతుంది, మళ్లీ మాకే ఫోను వస్తుంది.

వార్షిక కాంట్రాక్టు ఉన్నవారికి ఈ పని ఉచితం. మిగతావారికి మామూలు విజిట్ చార్జీ. మేం వచ్చేసరికి రౌటర్ పాస్‌వర్డ్ వెతికి పెట్టండి. అది లేకపోతే రౌటర్‌ను రీసెట్ చేయాల్సి వస్తుంది, అప్పుడు సీసీ కెమెరాలను ఫోనులో చూసే ఏర్పాటు కూడా మళ్లీ చేయాల్సి రావచ్చు. ఆ పనికి చార్జీ వేరు.